ఐదో గడి

ఆగండాగండి, ఎక్కడికా తొందర? ఇది విని వెళ్ళండి. చిన్నదే, బస్సొచ్చేలోపు అయిపోతుంది.

అప్లికేషన్లకి అది ఆఖరి రోజు. ఇంటర్నెట్ షాపులో కుర్చీలన్నీ నిండిపోయి, బయట మెట్ల మీద కూడా జనమే.

మూలనున్న కంప్యూటర్ ముందు ఒకమ్మాయి. వెనక నించుని వాళ్ళన్నయ్య.

అమ్మాయికి ఎనభై ఒక్క మార్కులు. ఫార్మసీ చదవాలని పట్టుదల. ఈ ఏడు సీటు రాకపోతే వాళ్ళ పిన్ని నడిపే కుట్టు షెడ్డులో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టాల్సిందే. నాన్న ముందే తేల్చి చెప్పేశాడు.

ఫారంలో ఐదు గళ్ళు. ఐదు కాలేజీలే. ఒకసారి పంపేశాక మార్చడానికి లేదు.

"నాలుగయ్యాయి. ఐదోది కూడా పెద్ద కాలేజీయే కొట్టు," అన్నాడు అన్నయ్య. "పోయిన ఏడు డెబ్భై తొమ్మిదికే ఇచ్చారు. నీకింకా రెండు మార్కులు మిగులు!"

"మరీ అన్నీ పెద్దవేనా అన్నయ్యా?"

"ఊరుకోవే, పిరికిదానా."

పక్క కుర్చీలో ప్రింటు కోసం ఎదురుచూస్తున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. చంకలో గొడుగు, చెప్పుల నిండా దుమ్ము.

"తప్పుగా అనుకోకపోతే ఒక మాటమ్మా. అది పోయినేటి లెక్క. అప్పుడు పెద్ద కాలేజీల్లో రెండేసి సెక్షన్లు. ఈ ఏడు ఒకటి ఎత్తేశారు. ఎనభై నాలుగు దాటితే గానీ రాదు."

"మీకెవరు చెప్పారు?" అన్నాడు అన్నయ్య.

"నాలుగు రోజులు కాలేజీ కాలేజీకీ తిరిగి అడిగాను బాబూ. పై నాలుగూ ఉంచుకోండి. ఐదో గడిలో మాత్రం బస్సు ఆఖరి స్టాపు దగ్గరుందే, ఆ చిన్న కాలేజీ పెట్టండి. ఎనభై ఒకటికి అక్కడ ఖాయం."

"ఆ రేకుల షెడ్డా! వానొస్తే పాఠం కూడా వినపడదు."

"రేకులే. కానీ చెప్పేవాళ్ళు శ్రద్ధగా చెప్తారు."

అన్నయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మా చెల్లి మీద మీకింత ప్రేమేంటండీ? మీవాళ్ళెవరైనా రాస్తున్నారా?"

"రాస్తోంది. మా మనవరాలు."

"అదీ సంగతి! విన్నావా చెల్లాయ్? మనం పక్కకి జరిగితే వాళ్ళకి దారి క్లియర్!"

షాపంతా ఘొల్లున నవ్వింది.

పెద్దాయన ప్రింటు రాగానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, కాసేపు నించుని, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఐదోది అమ్మా. ఆ ఒక్కటీ మార్చు."

ఈసారి నిజంగానే వెళ్ళిపోయాడు.

అమ్మాయి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఏంటే, ముహూర్తం చూస్తున్నావా? నొక్కు!"

నొక్కింది.

నెల తర్వాత లిస్టులొచ్చాయి. పెద్ద కాలేజీలన్నీ ఎనభై నాలుగు, ఎనభై ఐదు దగ్గరే ఆగిపోయాయి. ఐదింటిలో ఒక్కదాంట్లోనూ అమ్మాయి పేరు లేదు.

అన్నయ్య రెండు రోజులు ఇంట్లో తలెత్తలేదు. మూడో రోజు తనే, "పదవే, ఒకసారి అడిగి చూద్దాం," అని ఆఖరి స్టాపుకి తీసుకెళ్ళాడు.

ఆఫీసు కిటికీ అవతల గుమస్తా రిజిస్టరు తిప్పాడు.

"నిండిపోయాయమ్మా. ఆఖరి సీటు ఎనభై మార్కులకి వెళ్ళింది."

"నాకు ఎనభై ఒకటి సార్!"

"మరి అప్లై చేశావా?"

అన్నయ్య గోడవైపు తిరిగిపోయాడు.

వరండా బెంచీ మీద ఫారం నింపుకుంటున్న ఇంకో అమ్మాయి తలెత్తింది.

"ఆ ఎనభై నాదే. నిజంగా నీకు ఎనభై ఒకటా?"

"అవును."

"ఆఖరి రోజు ఇంటర్నెట్ షాపులో... మీ అన్నయ్యతో... నువ్వేనా?"

అమ్మాయి తలూపింది.

ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది.

"ఆ రోజు మా తాతయ్య ఇంటికొస్తూనే చెప్పేశాడు. 'నీ ఎనభై అసలే అంచు మీదుంది. ఇవాళ నీకంటే ఒక మార్కు ఎక్కువున్న పిల్ల కనిపించింది. మనం పెట్టిన చిన్న కాలేజీయే పెట్టుకోమని చెప్పొచ్చానే. నీ సీటు పోతే నన్ను తిట్టుకో,' అన్నాడు. రెండు రోజులు నేనాయనతో మాట్లాడలేదు."

ఇప్పుడు చెప్పండి. ఆ పక్క కుర్చీలో మీరుంటే, ఆ ఎనభై మార్కులు మీ మనవరాలివైతే, నోరు విప్పేవారా?