రేకుకీ చెక్కకీ మధ్య

అడ్డకర్ర విరిగి తొడ మీద పడినప్పుడు మేస్త్రీకి ముందు నొప్పి తెలియలేదు. కాలు లాక్కోబోతే రాలేదు. అప్పుడు తెలిసింది.

పైన రేకులు, కింద చెక్క సీలింగు. మధ్యలో మనిషి బోర్లా పాకడానికి మాత్రమే చోటు. పాత ఇల్లు కదా అని పొద్దున్నే కర్రలన్నీ తట్టి చూసుకున్నాడు. దీన్ని మాత్రం చెద లోపల్లోపల తినేసింది, పైకి తెలియలేదు. ఎక్కివచ్చిన కంత ఇంటికి ఆ చివర, వంటగది మీద ఉంది. నీళ్ళ సీసా ఆ కంత పక్కనే ఉండిపోయింది. ఫోను కింద, గోడకి చార్జింగులో ఉంది.

"అమ్మా" అని పిలిచాడు. కాసేపు ఆగి, ఊపిరి బిగబట్టి విన్నాడు. జవాబేమీ వినపడలేదు.

కింద ఉన్నది టీచరమ్మ. ఇంట్లో కూర్చుని కంప్యూటరులో పిల్లలకి పాఠాలు చెబుతుంది. వాన పడితే రేకుల మోతలో ఆమె గొంతు పిల్లలకి చేరదు. ఎండ కాస్తే గది పెనంలా మాడుతుంది. థర్మాకోల్ వేయించాలా, ఫోమ్ అంటించాలా అని ఆమె తేల్చుకోలేకపోతుంటే, థర్మాకోల్ వేడిని ఆపుతుంది గానీ మోతని ఆపదని, ఈ తుప్పు రేకులకి ఫోమ్ నాలుగు రోజులు కూడా అంటుకుని ఉండదని, రెండు బాధలూ తీరాలంటే గాజు పీచుతో చేసిన దూదిలాంటి గ్లాస్ వూలే దారి అని చెప్పింది మేస్త్రీయే. "రెండు పొరలు పరుస్తానమ్మా. పైన పిడుగు పడ్డా మీకు తెలియదు" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. గోడ నుంచి గోడ దాకా, వేలు దూరే సందు కూడా లేకుండా రెండు పొరలూ పరిచి, వెనక్కి పాకుతుండగా ఈ కర్ర విరిగింది.

ఈసారి గొంతు చించుకుని అరిచాడు. ఆ కేకని గ్లాస్ వూల్ అక్కడికక్కడే మింగేసినట్టు అనిపించింది. మళ్ళీ అరిచాడు. కాలు ఇరుక్కుందన్నాడు, ఎవరినైనా పిలవమన్నాడు, చచ్చిపోతానన్నాడు. కింద కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. దురద పుట్టకుండా తలకీ చెవులకీ చుట్టుకున్న తువ్వాలులో తన గుండె కొట్టుకోవడం ఒక్కటే వినిపిస్తోంది.

పదకొండు దాటినట్టుంది. రేకులు వేడెక్కి టిక్కు టిక్కుమంటున్నాయి. వీపు వాటికి ఆనితే చర్మం అంటుకుపోతోంది. చెమట కళ్ళలోకి దిగింది. గ్లాస్ వూల్ నూగు గొంతులో పడి దగ్గు తెర ఆగలేదు. పోయినేడు ఒక ఇంట్లో సీలింగు విప్పుతుంటే పిల్లి ఒకటి దొరికింది. ఎప్పుడు ఇరుక్కుందో, ఎండుటాకులా తేలిగ్గా ఉంది. ఆ పిల్లి అరుపు ఎవరికైనా వినిపించి ఉంటుందా అని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అదే తలపు వదలడం లేదు.

సాయంత్రం దాకా ఇంటి దగ్గర భార్య ఎదురు చూడదు. సాయంత్రం దాకా తనుండడు.

పిడికిలితో గుద్దితే మెత్తగా దిగబడింది తప్ప చప్పుడు రాలేదు. చివరికి తను పరిచినదాన్ని తనే పీకడం మొదలుపెట్టాడు. గొంతు అప్పటికే పూర్తిగా పోయింది. అరుద్దామంటే గాలి తప్ప మాట రావడం లేదు. పై పొర చీల్చి, కింది పొర పీలికలుగా లాగితే చెక్క తగిలింది. రెండు చెక్కల మధ్య గోరంత సందు. నడుముకున్న కొలత టేపు తీసి, సందులో పట్టని కొస కొక్కేన్ని వంచి విరిచి, ఆ సందులోంచి కిందికి వదిలాడు. చేతికి టేపు అంచు కోసుకుని రక్తం దాని వెంట జారింది. టేపుని ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

కింద టీచరమ్మ పేపర్లు దిద్దుకుంటోంది. బల్ల మీదికి పసుపుపచ్చ టేపు వేలాడుతూ వచ్చింది. కొలత చూడాలి కాబోలనుకుని లేచి కొస పట్టుకుంది. వేళ్ళు తడిగా అనిపించి చూసుకుంటే ఎర్రగా ఉన్నాయి.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి పక్కింటి వెల్డరుని పట్టుకొచ్చింది. అతను గునపంతో కంతలోంచి పాకి వెళ్ళి, కర్ర ఎత్తి, మేస్త్రీని చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాడు. నేల మీద పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లారు. తొడ కమిలి ఉబ్బింది గానీ కాలి వేళ్ళు కదులుతున్నాయి. ఆసుపత్రికి ఆటో తెస్తానని వెల్డరు వెళ్ళాడు.

రెండు గుక్కలు తాగాక మేస్త్రీకి కాస్త గొంతు పెగిలింది. కళ్ళలో భయం ఇంకా పోలేదు.

"ఎన్ని కేకలు పెట్టానమ్మా. ఒక్కటంటే ఒక్కటి కూడా వినపడలేదా?"

టీచరమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. ఏడుపు ఆగడం లేదు.

"అన్నీ వినపడ్డాయి బాబాయ్. మాట తెలియలేదు గానీ కేక తెలుస్తూనే ఉంది. చప్పుడు ఆగిందో లేదో చూసుకుంటున్నారనుకున్నా. వినపడుతోందంటే, పాపం ఆ వేడిలో అంతా పీకి మళ్ళీ పరుస్తారేమోనని, మీరు అరిచిన ప్రతిసారీ 'వినపడట్లేదు బాబాయ్' అని గట్టిగా చెబుతూనే ఉన్నా."