అవ్వ గీయించిన నక్షా

"నా కూలర్ ఏది? స్కూటర్ టైర్లేవి? అవ్వా, నిన్నే అడిగేది!"

బస్సు డిపోలో డ్యూటీ దిగి వచ్చిన దత్తు పెరటి గుమ్మంలోనే నిలబడిపోయాడు. పదేళ్లుగా అతడు పోగేసిన సామానంతా మాయమైంది. పెరడు ఊడ్చిన కల్లంలా ఉంది. జామచెట్టు కింద అతని తల్లి ఇందుబాయి కొంగు నడుముకు దోపుకుని, ఫోన్ పట్టుకుని నించుంది.

"పాత సామాన్లు కొనే భంగారోడు కొండవోయిండు."

"నన్ను అడగకుంటనే?"

"తుప్పు పట్టిన డొక్కుకు నీ పర్మిషన్ గావాల్నా? గిటు చూడు."

ఫోన్‌లో వాళ్ల పెరడే ఉంది, గుర్తు పట్టడం కష్టమైంది. నేలంతా షాబాద్ బండలు, జామకొమ్మల్లో చిన్న చిన్న దీపాల దండలు, గోడ పొడుగునా బంతి మొక్కలు. నడుమ జానెడెత్తు గద్దె, దాని ఎదురుగా వరుసగా బల్లలు.

"ఏందిది?"

"నక్షా. ఏఐ గీసిచ్చింది. పెరడు ఫొటో తీసి, ఏం గావాల్నో నోటితోని చెప్పిన. దానికి మన తెలుగు సుత అస్తది."

నాలుగో తరగతి మరాఠీ చదువుతో ఆగిన తల్లి నోట ఆ మాట వినేసరికి దత్తుకు ఒళ్లు మండింది. నాందేడ్‌లో, అందులోనూ తరోడా పేటలో ఆ జాగా విలువ ఆమెకేం తెలుసు? నీట్ క్లాసుల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు గదులు దొరక్క పట్నమంతా తిరుగుతున్నారు. పెరట్లో రెండు గదులు వేద్దామని అతడు ఏడాదిగా అనుకుంటున్నాడు. మేస్త్రీ విలాస్‌తో మాట్లాడేశాడు కూడా.

"సోమారం విలాస్ పునాది తవ్వనీకి అస్తుండు. నీ బొమ్మలు ఫోన్‌లనే ఉండనియ్."

"ఇల్లు ఎవ్వల పేర ఉన్నది?"

దత్తు పళ్లు నూరాడు. పోయేముందు తండ్రి రామదాస్ ఇల్లు భార్య పేరనే రాసి పోయాడు.

"గా గద్దె దేనికి?"

"కార్తీకంల తులసిచెట్టు పెండ్లి దాక తయారు గావాలె."

"తులసికి గింత పెద్ద గద్దెనా?"

ఇందుబాయి ఆ మాట విననట్టే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "బల్లలు ఇంకో వరుస పెట్టు. నలభై మంది కూసోవాలె."

"నీ భజన మండలోళ్లందర్నీ తెచ్చి ఈడ కూసోబెడ్తవా?"

"కూసుంటే నీదేం పోయింది?"

దత్తు కోపం వంటింట్లో ఉన్న భార్య దీపాలి మీదికి మళ్లింది. "నువ్వే నేర్పినవు గదా గా ఏఐ!"

"పచ్చడి ఎట్ల పెట్టాల్నో అడుగుతదని నేర్పిన. ఇల్లే తిరగేస్తదని నాకేం ఎరుక?"

ఆదివారం పొద్దున పెరట్లో మాటలు వినిపించి దత్తు బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిల్. టేపు ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస ఇందుబాయి చేతిలో. ఆయన కొలత చెబుతుంటే ఆమె ఫోన్‌కు చెబుతోంది.

"ఎవ్వలు నువ్వు?"

"మారోతి అంటరు. నాయ్‌గావ్‌ల కాలువల ఓవర్సీర్ చేసి రిటైర్ అయిన."

"కూలి ఎంత మాట్లాడుకున్నవ్?"

"కూలీ గీలీ ఏం లేదు బిడ్డా."

"బిడ్డా గిడ్డా అనకు! ఉత్తగ ఎవడు చేస్తడు? బండల దుకానపోడు కమీషన్ ఇస్తడా? మొగడు లేని ఆడిది దొరికిందని బుట్టల ఏసుకున్నవా?"

"దత్తూ!" ఇందుబాయి అడ్డమొచ్చింది.

దత్తు ఆగలేదు. టేపు గుంజుకుని గోడ అవతలికి విసిరేశాడు. మారోతి ఇందుబాయి వంక ఒకసారి చూసి, చెవి మీది పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నేను పోతున్న. లొల్లి ఒద్దు," అని చెప్పులేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇందుబాయి ముఖం ఎర్రబడింది. "మీ నాయన సుత నన్ను ఏనాడు గిట్ల నిలబెట్టలే," అని లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. దత్తు కూడా వెళ్లి పిలవలేదు. తప్పు తనది కాదు, ఆ ముసలోడిది.

సోమవారం విలాస్ ఇద్దరు కూలీలతో, పారలతో దిగాడు. ఇందుబాయి పాలకు పోయింది. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి ఉంది. నక్షా మొత్తం తుడిచేస్తే ఇంక ఏం చూపించి కొట్లాడుతుంది?

"అత్తమ్మ ఫోన్ ముట్టకుండ్రి," అంది దీపాలి.

"నువ్వు నోర్ముయ్."

ఫోన్ తెరిచి పైకి జరుపుతూ పోయాడు. దీపాలు, బల్లలు, గద్దె కొలతలు. బంతి నెలన్నరలో పూస్తుందా అని ఒక ప్రశ్న. వానొస్తే పైన ఏం కప్పాలని ఇంకోటి. ఒక్కొక్కటి చూస్తుంటే నెత్తురు మరిగింది. ఈ పిచ్చి ఆమె బుర్రలోకి ఎక్కించింది మారోతే అయి ఉంటాడు. మొదలెక్కడో తేల్చుకుని, ఆ ముసలోడి ఇంటికే పోయి గల్లా పట్టుకోవాలి.

అన్నిటికంటే పైన, ఇరవై రోజుల కిందటి మాట ఉంది. పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కితే అవ్వ గొంతు వినిపించింది, పక్క గదిలో ఎవరో వింటారని భయపడుతున్నంత చిన్నగా.

"ఇంట్ల ఎవ్వలకు చెప్పలే, నీకే చెప్తున్న..."

"దత్తు భావు, తవ్వమంటవా?" బయటి నుంచి విలాస్ కేకేశాడు.

దత్తు ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఫోన్‌లో గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

"మారోతిని పెండ్లి చేసుకుంటున్న, గీ పెరట్లనే."