చెరిపిన గడి

"మా ఆవిడ నాకెన్ని మార్కులేసిందండీ?"

కౌన్సెలర్ కాగితాన్ని అతని ముందుకు జరిపింది. దంపతులు తమ స్వభావం గురించీ, ఒకరి గురించి ఒకరూ నింపిన పరీక్ష అది. వారం తిరక్కుండానే అతని భార్య గుండెపోటుతో పోయింది.

"కోపిష్ఠి, మొండి, మితభాషి. మీ గురించి మీరు రాసుకున్నవీ ఇవే."

"నన్ను కాచి వడపోసింది లెండి," అని నవ్వబోయాడు. "మరి ఇక్కడ సున్నా ఏమిటి?"

"జవాబు లేదని కంప్యూటర్ వేసింది."

'ఆయనకు మీరంటే ఇష్టమేనా?' అన్న ప్రశ్న అది. పక్కన 'అవును', 'కాదు' గడులు రెండింటిలోనూ టిక్కు పెట్టి చెరిపిన గుర్తులున్నాయి. చెరిపి చెరిపి అక్కడ కాగితం పలచబడింది.

"పక్కనే ఉన్న మిమ్మల్ని అడగలేదా?"

"అడిగిందండీ, దీనికేం రాయమంటారని. కాపీ కొట్టకే అంటూ, 'ఆమె అంటే మీకు ఇష్టమేనా?' దగ్గర 'అవును' అని పెట్టిన నా కాగితాన్ని చేత్తో మూసేశాను."