పడమటి కిటికీ

ఊళ్ళో సగం కిటికీలకు ఎండకు తెరలూ, గాలివానకు రేకు తలుపులూ బిగించిన మేస్త్రి, తన ఇంటి పడమటి కిటికీని అలాగే వదిలేశాడు. భార్య అడిగినప్పుడల్లా “మనది ఎక్కడికి పోతుందే, రేపు చూద్దాం” అనేవాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరూ అడగకుండానే నిచ్చెన ఎక్కాడు. గోడలో మేకులు దిగుతున్న చప్పుడు విని కూతురు పరుగెత్తుకొచ్చింది.

“ఇప్పుడా నాన్నా! దిగు, నీకు దణ్ణం పెడతా.”

“ఒక్క మేకే తల్లీ. ఎండ మొహం మీదే కొడుతోంది. మీ అమ్మకి తలనొప్పి వస్తే రెండ్రోజులు లేవదు.”

కూతురు ఒక చేత్తో నోరు నొక్కుకుని, రెండో చేత్తో నిచ్చెన పట్టుకుంది.

తెర జారింది. మంచం మీద నీడ పరుచుకుంది. ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళడానికి వచ్చిన నలుగురూ అప్పటిదాకా గుమ్మం బయటే నిలబడ్డారు.