ఈరన్న ఒప్పుకున్నాడు

"కొట్టిన. నేనే కొట్టిన. నా పెండ్లాం, నా ఇష్టం," అన్నాడు ఈరన్న.

గట్టు ఊరి చావడిలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి అతన్ని చూశారు. గద్వాల సంస్థానం రోజులవి. పెండ్లాం మీద చెయ్యి చేసుకోవడం అక్కడ వింతేమీ కాదు. తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దల్లోనే ఆ పని చెయ్యనివాడు ఒక్కడూ లేడు. కానీ ఇంత తలబిరుసుగా ఒప్పుకున్నవాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు.

పంచాయతీ పెట్టించింది ఈరన్న పెండ్లాం సత్యమ్మకు అన్న అయిన మద్దిలేటి. చెల్లెల్ని చూసిపోదామని అయిజ నుంచి వచ్చాడు. మండుటెండలో ఆమె గొంగడి కప్పుకొని తిరుగుతుంటే అనుమానం వచ్చింది. లాగి చూస్తే చేతుల నిండా, మెడ నిండా కమిలిన మచ్చలు.

"పొద్దు గూకేదాంక బండ మొయ్యాలె," అన్నాడు పటేలు కురుమూర్తి.

ఊరి చివర ఈరన్నను వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారు. అక్కణ్ణుంచి చూస్తే వాగు అవతల పెంటమ్మ గుడిసె కనిపిస్తుంది. ఒంటి మీద మచ్చలు చూసి, పెద్దరోగమేనని నిరుడు ఊరంతా కలిసి ఆమెను అక్కడికి వెళ్లగొట్టింది. ఇప్పుడు ఆ వైపు ఎవరూ పోరు. ఈరన్న పళ్లు బిగబట్టి అటే చూస్తూ నిలబడ్డాడు.

సత్యమ్మ కూడా అటు చూసి, గొంగడి మెడ దాకా లాక్కుంది.

"నడువు సెల్లె, ఇంటికి పోదాం. ఈ కసాయోనితోని నీకేం కాపురం?" అన్నాడు మద్దిలేటి.

"నేను రాను."

"సంపుతడే నిన్ను."

"సంపనీ. నా మొగుడు, నా ఇష్టం. నువ్వు అయిజకు పో అన్నా."

మద్దిలేటి తుపుక్కున ఉమ్మేసి ఎడ్లబండి ఎక్కాడు. సిగ్గులేని మనిషని ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. సత్యమ్మ తల దించలేదు.

పొద్దు గూకాక మొగుణ్ణి ఇంట్లోకి నడిపించుకొచ్చి, ఆముదం వెచ్చజేసి వీపుకు రాసింది. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు.

"బండనే గదనే. ఏడుస్తవెందుకు?" అన్నాడు ఈరన్న.

సత్యమ్మ తలుపు గడియ పెట్టి, ఎవరి చెయ్యీ పడకుండానే మోచేతి మీద ఎర్రగా ఉబ్బుకొస్తున్న కొత్త దద్దుర్లు అతనికి చూపించి, "ఇవి గూడ మూడు దినాలకు కములుతయి, రేపు పొద్దుగాల నలుగురు వినేటట్టు నన్ను జర గట్టిగ తిట్టు," అంది.