అశ్విని మింగని మాత్ర

చదివేవాళ్లు మన్నించాలి. పెద్దదాన్నయ్యాక అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా తడబడతాను. రాసేది కూడా నిదానం. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

అశ్విని అరచేతిలో మాత్ర పెట్టుకుని కూర్చుంది. చెంబులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఎదురుగా అత్త లక్ష్మీనరసమ్మ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది.

“ఏమ్మే, మాత్ర మింగతాండావా, దానికి జోలపాట పాడతాండావా?”

అశ్విని నవ్వలేదు. పెళ్లయి మూడేళ్లు. నెలసరి సరిగ్గా రాదు. గుడ్డు ఎదగడం లేదని కదిరిలో డాక్టరమ్మ చెప్పింది. మొదట క్లోమిఫీన్ అనే మాత్ర రాసింది. కొన్ని నెలలు వాడినా స్కానింగులో మార్పు లేదు. అందుకని ఈసారి లెట్రోజోల్‌కు మార్చింది. నెలసరి మొదట్లో ఐదు రోజులు మింగాలి. ఈ పూట మొదలుపెట్టకపోతే ఈ నెల పోయినట్టే.

“పాత మాత్రే మేలు అత్తా. తల తిరిగినా సరే, దాని పని అదొకటే. ఇది అట్ల కాదు.”

“ఇదేం జేసె నిన్ను?”

“ఫోన్లో చూసినా. రొమ్ము క్యాన్సర్ వాళ్లకిచ్చే మాత్రంట ఇది.”

లక్ష్మీనరసమ్మ వేళ్ల మధ్య కాయ చిట్లలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కింది.

“డాక్టరమ్మ ఏమనింది?”

“రెండిటికీ పనికొస్తాదంట. వాళ్లు దినామూ మింగాల, నాకు ఐదు దినాలు చాలంట. ఆయమ్మ చెప్తాది, మింగేది నేను కదా.”

“మింగు. రోంత ఒళ్లు సెగలు పుడతాది, కీళ్లు పట్టుకుంటాయి. అంతే.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“నీకన్నా మేలు. నాకు ఫోన్ చూసేది రాదు.”

అశ్వినికి నవ్వు వచ్చింది గానీ పెదవి దాటలేదు.

“నీ కొడుకునడిగితే, మా అమ్మనడుగు అని లేచిపోయినాడు.”

“వాడెప్పుడూ అంతే. మొలతాడు బిగించాలన్నా నన్నే పిలిచేవాడు. నువ్వు కానీ తల్లీ. వాన కోసం ఆకాశం పక్క చూసేది చాలదా, నీ పక్క కూడా చూస్తా కూచోవాల్నా?”

“భయంగా ఉండాది అత్తా. మా ఊర్లో ఒకామెకు ఆ జబ్బని తెలిసి, వాళ్లింటికి పిల్లనిచ్చేవాళ్లే లేకపోయిరి. మా నాయనైనా ఇచ్చుండడు.”

“ఆ మాట నిజమే.”

లక్ష్మీనరసమ్మ చేటలోని పొట్టు ఊదింది. గట్టి గింజలు ఒక పక్కకు, ముడుచుకుపోయిన నొక్కులు ఒక పక్కకు తోసింది.

“అది మింగేవాళ్లు బతుకుతారా అత్తా?” అశ్విని గొంతు తగ్గించి అడిగింది.

అత్త చేట పక్కన పెట్టింది. చెంబు ఎత్తి కోడలి చేతికిచ్చింది.

“బతికి, ఇట్ల కోడండ్లను బతిమాలుకుంటా కూచుంటారు, నువ్వీ ఇంట్లో కాలు పెట్టకముందు నుంచి నేను దినామూ మింగేది ఆ మాత్రే కదమ్మీ.”

సిద్దమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ముదిగుబ్బలో మా చెల్లెలి ఇంట ఉంటున్నాను.