మూడో చరణం

"ముందు నడిచేది నేను. మోగేది మా పాట," అన్నాడు హాల్వర్, ఫిడేలు గడ్డం కిందికి నెట్టుకుంటూ.

"గోడ చాటున విన్నది మీ పాటెలా అయింది?" అంది సిగ్రిద్. ఆమె చేతిలోనూ ఫిడేలుంది.

పెళ్ళివారంతా గుర్రాల కళ్ళేలు పట్టుకుని నిలబడిపోయారు. టెలిమార్క్ కొండల్లో ఫిడేలు ముందు నడవనిదే పెళ్ళి ఊరేగింపు కదలదు. నడక పాట రెండు లోయలకీ ఒకటే. తగువల్లా మూడో చరణం దగ్గరే. సిగ్రిద్ వాళ్ళ ఎగువ లోయలో అది వాయిస్తారు. హాల్వర్ వాళ్ళ దిగువ లోయలో రెండింటితో సరిపెడతారు.

జలపాతం కింది భూతం ఆ పాట తన ముత్తాతకే నేర్పిందని సిగ్రిద్ అంటుంది. కాదు, తన ముత్తాతకేనని హాల్వర్ అంటాడు. భూతం నోరు విప్పితే గానీ తేలేది కాదు.

"మీవాడు దక్షిణగా మాంసం బదులు ఒట్టి ఎముక పడేశాడు. భూతానికి ఒళ్ళు మండి సగమే నేర్పింది. ఆ మూడోది మీవాడు అతికించిన తోక!" అన్నాడు హాల్వర్. దిగువవాళ్ళు గొల్లుమన్నారు.

"మీవాడు మా గోడ పక్కన నక్కి విన్నాడు. రెండు చరణాలయ్యేసరికి కుక్క తరిమింది. మూడోది ఎక్కడ వింటాడు, పాపం!"

ఈసారి ఎగువవాళ్ళు నవ్వారు. సిగ్రిద్ మాత్రం నవ్వలేదు. పెళ్ళిని చర్చికి నడిపించిన పాటే ఆ కొత్త కాపురానికి సొంతమవుతుంది. ఆ ఇంట పుట్టే పిల్లలు అదే నేర్చుకుంటారు. మూడో చరణం వాయించడం వచ్చినవాళ్ళు ఇప్పుడు ఆమె, ఆమె తండ్రి ఐవిండ్, అంతే. ఐవిండ్ వేళ్ళు వాతంతో కొయ్యబారిపోయాయి. ఇవాళ హాల్వర్ ముందు నడిస్తే ఆ చరణానికి నూకలు చెల్లినట్టే.

"ఆడపిల్లవి. ఇవాళ నీకిది తగునా? నలుగురూ ఏమనుకుంటారు?" హాల్వర్ గొంతు పెంచాడు.

"అనుకోనివ్వండి. చెవులున్నాయిగా, వింటూ అనుకుంటారు."

సిగ్రిద్ తల్లి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆయనతో ఇవాళే ఎందుకే తగువు?"

"ఇవాళ లొంగితే ఇంక జన్మంతా లొంగాల్సిందేనమ్మా."

చెయ్యి విడిపించుకుని కమాను తీగల మీద వేసి నడక మొదలుపెట్టింది. హాల్వరూ పంతంగా అందుకున్నాడు. రెండు ఫిడేళ్ళూ పక్కపక్కనే బయలుదేరాయి. రెండో చరణం అవగానే ఆయన మొదటికి తిరిగాడు. ఆమె మూడోదానిలోకి దూసుకుపోయింది. వెనక ఎగువవాళ్ళంతా ఆ చరణానికే అడుగులు కలిపి నేల అదరగొట్టారు. హాల్వర్‌కి తాళం తప్పింది. దారిలో గట్టు ఎక్కేసరికి రొప్పుతూ ఫిడేలు దించేశాడు.

ఆమె ఆగలేదు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా సరే, చర్చి గుమ్మం దాకా మూడు చరణాలూ మోగించింది. ఎంత పొగరు! ఎంత ముచ్చటైన పొగరు!

గుమ్మంలో పాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫిడేలు లోపలికి పనికిరాదమ్మా."

"దాని పని అయిపోయిందండీ," అని సిగ్రిద్ ఫిడేలు తండ్రికిచ్చి, తల్లి అందించిన పెళ్ళికూతురి వెండి కిరీటం నెత్తిన పెట్టుకుని, హాల్వర్ కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.